షుగరు, కళ్ళు: ఆయుర్వేదం ఏమంటుంది? డాక్టరు ఏమంటారు?

మనవాళ్ళు నలుగురు కలిస్తే షుగరు మాట రాకుండా ఉండదు. కాకరకాయ, మెంతులు అంటూ సలహాలకూ కొదవ లేదు. కళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు, చూపు బాగానే ఉంది కదా అని. చిక్కంతా అక్కడే ఉంది.

పిల్లలూ, కంటి వెనక రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది, కెమెరాలో సెన్సరు లాంటిది. దానికి రక్తం అందించే నాళాలు వెంట్రుక కన్నా సన్నం. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడి ఉబ్బుతాయి, కారతాయి, కొన్ని మూసుకుపోతాయి. అప్పుడు రక్తం చాలక కొత్త నాళాలు పుడతాయి గానీ అవి పెళుసువి. చిట్లాయంటే చూపుకే ముప్పు. ఇదే డయాబెటిక్ రెటినోపతీ. మొదట్లో నొప్పి ఉండదు, మసకా ఉండదు.

ఆయుర్వేదం ప్రమేహాలు ఇరవై అని చెప్పింది, మధుమేహం వాటిలో ఒకటి. సుశ్రుత సంహిత 76 నేత్రరోగాలను వర్ణించింది. ఈనాటి ఆయుర్వేద వైద్యులు రెటినోపతీని అందులోని తిమిరంతో పోలుస్తుంటారు. కానీ కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోపును హెల్మ్‌హోల్ట్జ్ లోకానికి చెప్పింది 1851లో. కాబట్టి ఆ పోలిక ఉజ్జాయింపే అని నా అభిప్రాయం.

మితాహారం, వ్యాయామం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. అమెరికా, కెనడాలలో టైప్ 1 రోగులపై జరిగి 1993లో వెలువడిన డి.సి.సి.టి. అధ్యయనంలో, చక్కెరను గట్టిగా అదుపులో పెట్టినప్పుడు, అప్పటికి రెటినోపతీ లేనివారికి అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. బి.పి. అదుపు కూడా అంతే ముఖ్యం.

అయితే కారుతున్న నాళాన్ని త్రిఫల చూర్ణం ఆపుతుందనడానికి గట్టి ఋజువు లేదు. ఆ దశలో చూపు నిలిపేవి లేజరు, కంట్లో ఇచ్చే ఇంజెక్షన్లు. ఇంకో మాట: 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా కనిపించింది. ఏం వాడుతున్నా డాక్టరుకు చెప్పండి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం సర్వరు పడిపోయేదాకా ఆగం, ముందే లాగులు చూస్తాం. టైప్ 2 అని తేలిన వెంటనే, ఆ తరువాత మామూలుగా ఏడాదికోసారి, చుక్కలు వేసి రెటీనా చూపించుకోవాలి. కళ్ళజోడు పవరు చూపించుకుంటే సరిపోదు. చుక్కల తరువాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది, కారు నడపడానికి ఇంకొకరిని తీసుకెళ్ళండి. విజన్ ఇన్సూరెన్సు లేదని మానేయకండి. అమెరికాలో షుగరు ఉన్నవారికి ఈ పరీక్ష సాధారణంగా మెడికల్ ఇన్సూరెన్సు కిందికే వస్తుంది. మన దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకైతే విమానం ఎక్కకముందే అక్కడ చేయించడం సులువు.