లక్ష కిలోమీటర్లు, 20 కోట్ల చుట్లు

ఖమ్మం నుంచి ఇల్లెందు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. కారు టాప్ గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనీ, ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనీ అనుకుందాం. అంటే కిలోమీటరుకు 2,000 చుట్లు. రామయ్య దర్శనానికి పోయి రావడానికి క్రాంక్ షాఫ్ట్ 4,80,000 సార్లు తిరుగుతుంది. అదే లెక్కన లక్ష కిలోమీటర్లకు 20 కోట్లు.

చాలా కార్లలో ఈ 20 కోట్ల చుట్లనూ మోసేది అంగుళం వెడల్పున్న ఒక రబ్బరు పట్టీ. దాని పేరు టైమింగ్ బెల్ట్. బానెట్ ఎత్తగానే కనిపించే ఫ్యాన్ బెల్టు వేరు, ఇది వేరు. ఫ్యాన్ బెల్టు తెగితే బ్యాటరీ దీపం వెలుగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పక్కకు ఆపుకునే వ్యవధి ఉంటుంది. టైమింగ్ బెల్ట్ ప్లాస్టిక్ మూత వెనక దాక్కుని ఉంటుంది. తెగేముందు చాలాసార్లు చప్పుడు కూడా చేయదు.

అది చేసే పని ఒక్కటే. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకు ఒకసారే వాల్వ్ తెరుచుకుంటుంది కాబట్టి ఈ 2:1 లెక్క. ఇంజన్ 3,000 చుట్ల మీద ఉంటే ఒక్కో వాల్వ్ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ప్రతిసారీ పిస్టన్ పైకి వచ్చేలోపు వాల్వ్ దారి తప్పుకోవాలి. జారకుండా ఉండటానికే బెల్టుకు పళ్లుంటాయి. ఈ పళ్ల బెల్టు పుట్టింది కార్ల కోసం కాదు. 1940లలో అమెరికాలో కుట్టు మిషన్‌లో సూదినీ కింది బాబిన్‌నూ ఒకే తాళంలో నడపడానికి కనిపెట్టారు. 1960ల మొదట్లో జర్మనీలోని గ్లాస్ అనే చిన్న కంపెనీ తన 1004 మోడల్ కారు ఇంజన్‌లో దాన్ని వాడింది. అప్పటిదాకా వాడిన గొలుసు కన్నా చవక, చప్పుడు తక్కువ, నూనె అక్కర్లేదు. ఆ మూడు కారణాలతోనే ప్రపంచమంతా పాకింది.

బెల్టు తెగిన క్షణంలో జరిగేదానికీ లెక్క ఉంది. నిమిషానికి 2,000 చుట్లంటే సెకనుకు 33. ఒక్క చుట్టుకు పట్టే కాలం సెకనులో వందో వంతులు మూడు. 60 కిలోమీటర్ల వేగంలో ఆ కాలంలో బండి ముందుకు జరిగేది అర మీటరు. అంటే కారు అడుగున్నర దూరం పోయేలోపే పైన క్యామ్ ఆగిపోతుంది, కింద పిస్టన్ మాత్రం పైకి వచ్చి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. ఆలోపు క్లచ్ తొక్కేంత వేగం మనిషి కాలికి లేదు. కొన్ని పెట్రోలు ఇంజన్లలో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య జాగా ఉంటుంది. అవి ఊరికే ఆగిపోతాయి, కొత్త బెల్టు వేస్తే మళ్లీ నడుస్తాయి. డీజిల్‌లో ఆ అదృష్టం ఉండదనుకోవడమే మంచిది. గాలిని పదిహేను, ఇరవై రెట్లు కుదించాలి కాబట్టి పిస్టన్ దాదాపు హెడ్డును తాకేదాకా వస్తుంది. వాల్వులు వంగితే హెడ్ దింపాలి. ముందే బెల్టు మార్చి ఉంటే వందల్లోనో కొద్ది వేలల్లోనో పోయేది పదుల వేలకు ఎక్కుతుంది.

మన దారుల లెక్క ఇక్కడే తేడా కొడుతుంది. కంపెనీలు బెల్టు మార్చమని చెప్పే దూరం ఇంజన్‌ను బట్టి 60 వేల నుంచి లక్షన్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ అంకె డాష్‌బోర్డు మీటరును చూసి చెప్పింది. మీటరు లెక్కపెట్టేది చక్రం తిరిగిన దూరం. బెల్టు అరిగేది ఇంజన్ తిరిగినదాన్ని బట్టి. హైవే మీద ఈ రెండూ కలిసి నడుస్తాయి. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి ఊళ్లకు వెళ్లే గతుకుల దారిలో విడిపోతాయి. రెండో గేరులో 20 కిలోమీటర్ల వేగంతో ఇంజన్ అదే 2,000 చుట్ల మీద పోతే కిలోమీటరుకు 6,000 చుట్లు పడతాయి. 30 వేగంతో పోతే 4,000. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడూ ఇంతే.

ఒక బండి 60,000 కిలోమీటర్లు తిరిగిందనుకోండి. అందులో సగం హైవే మీద, సగం 30 వేగంతో లోపలి దారుల్లో. హైవే సగానికి 6 కోట్ల చుట్లు, లోపలి సగానికి 12 కోట్లు, మొత్తం 18 కోట్లు. మీటరు మీద 60 వేలు కనిపిస్తున్నా బెల్టు దృష్టిలో అది 90 వేల కిలోమీటర్ల బండి.

నిలబడ్డ బండి సంగతి ఇంకోటి. ఇంజన్ ఐడిలింగ్‌లో నిమిషానికి 800 చుట్లు తిరిగినా గంటకు 48,000 అవుతాయి. హైవే లెక్కలో 24 కిలోమీటర్లు. మే నెలలో భద్రాచలం గుడి దగ్గర ఏసీ వేసుకుని రెండు గంటలు పార్టీ కోసం ఎదురుచూసిన ట్యాక్సీ, కదలకుండానే 48 కిలోమీటర్లు నడిచినట్టు. నెలకు 25 రోజులు అలా నిలబడితే 1,200 కిలోమీటర్లు, ఏడాదికి 14,400. మీటరుకు ఈ సంగతే తెలియదు. దుమ్ము దారులు, ఎక్కువ సేపు ఐడిలింగ్, విపరీతమైన ఎండ ఉన్నచోట సర్వీసు గడువులు తగ్గించుకోమని చాలా మాన్యువళ్లలో ఒక పేజీ ఉంటుంది. బొగ్గు లారీల వెనక నడిచే కొత్తగూడెం, మణుగూరు బండ్లన్నీ ఆ పేజీ కిందికే వస్తాయి. నా మటుకు నేను మాన్యువల్ చెప్పిన అంకెలో నాలుగో వంతు కొట్టేస్తాను. లక్ష అని ఉంటే 75 వేలకే మార్పు.

దూరంతోపాటు వయసు కూడా చూడాలి. ఇప్పటి బెల్టుల్లో ఎక్కువభాగం వేడికీ నూనెకూ తట్టుకునే నైట్రైల్ జాతి రబ్బరుతో, లోపల గాజు నారతో, పళ్ల మీద నైలాన్ బట్టతో చేస్తారు. ఎంత మంచిదైనా రబ్బరు వేడికి గట్టిపడుతుంది. పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముసలితనం దాదాపు రెట్టింపు వేగంతో వస్తుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, ఖమ్మం ప్రాంతంలో ఏడాదికి మూడు వేల కిలోమీటర్లే తిరిగే కారైనా నిశ్చింతగా ఉండలేదు. షెడ్డులో పదేళ్లు పడుకున్న బెల్టు కొత్తదానిలా కనిపిస్తుంది, వంచి చూస్తే పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు బయటపడతాయి.

గోదావరి నీళ్లు తాకిన బండి కథ వేరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. టైమింగ్ బెల్ట్ మూత దుమ్మును ఆపుతుందే కానీ వరదను ఆపదు. లోపలికి పోయిన ఒండ్రు ఎండి పళ్ల మధ్య గట్టిపడితే బెల్టు పుల్లీ మీద సరిగ్గా కూర్చోదు, బేరింగులూ పాడవుతాయి. ఇంజన్ సగం మునిగిన బండికి కిలోమీటర్ల లెక్క చూడకుండా బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ రెండూ మార్చాల్సిందే.

ఇంతకీ మీ బండికి బెల్టుందా, గొలుసుందా? మారుతీ 800, ఓమ్ని, ఆల్టో 800, పాత శాంత్రో, టాటా ఇండికా డీజిల్, 1.5 లీటర్ల డీజిల్ డస్టర్ బెల్టు బండ్లు. మన దారుల్లో ఎక్కువగా కనిపించే 2005–2016 నాటి 2.5 లీటర్ల డీజిల్ ఇన్నోవాదీ బెల్టే. దాని డాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ అని ఒక దీపం కూడా పెట్టారు. అది వెలిగిందంటే దూరం నిండిందని అర్థం. బెల్టు ఎలా ఉందో దానికి తెలియదు, దానికి తెలిసింది మీటరే. స్విఫ్ట్ 1.3 డీజిల్, ఆల్టో కె10, స్కార్పియో ఎంహాక్, తర్వాత వచ్చిన ఇన్నోవా క్రిస్టా డీజిల్ గొలుసు బండ్లు. గొలుసుకు గడువు రాయరు కానీ ఆయిల్ సమయానికి మార్చకపోతే అదీ సాగుతుంది.

ఇంటి దగ్గర చేసుకోవచ్చా అంటే, చిన్న పెట్రోలు కారైతే చేసుకోవచ్చు. అనుభవమున్న మెకానిక్ మూడు నాలుగు గంటల్లో ముగించే పని. మొదటిసారి చేసేవారు రెండు రోజులు బండి లేకుండా గడిచే సమయం చూసుకోవాలి. బెల్టు ఒక్కటే కాకుండా టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్ కలిసిన కిట్ కొనండి. ఆ ఇంజన్‌లో వాటర్ పంపు కూడా ఇదే బెల్టుతో తిరిగేదైతే అదీ మార్చేయాలి. వంద రూపాయలు మిగులుతాయని పాత బేరింగ్ ఉంచితే, ఏడాదికి అది పట్టేసి కొత్త బెల్టును తెంపుతుంది. పాత బెల్టును కొట్టుకు పట్టుకెళ్లి పళ్లు లెక్కపెట్టి, వెడల్పు సరిచూసి తెచ్చుకోవాలి. కొత్తదాన్ని మడవకూడదు, మెలి తిప్పకూడదు. లోపలి గాజు నార విరిగినా బయటికి తెలియదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీయాలి. బండిని స్టాండ్ మీద నిలిపి, బెల్టు ఉన్న వైపు ముందు చక్రం విప్పాలి, చాలా కార్లలో అది కుడిది. జాకీ ఒక్కదాన్నే నమ్మి, ఇటుకలు పెట్టి కిందికి దూరవద్దు. ఇంజన్ మౌంటు విప్పాల్సి వస్తే ఆయిల్ సంప్ కింద చెక్క పెట్టి ఇంకో జాకీతో ఆనించాలి. ఫ్యాన్ బెల్టు తీశాక క్రాంక్ పుల్లీ బోల్టు దగ్గర చాలామంది ఓడిపోతారు. దాని బిగువు 100 న్యూటన్ మీటర్లు అనుకుంటే, మీటరు పొడవు రాడ్డు చివర పది కిలోల బరువు వేసినంత. పావు మీటరు పానా పట్టుకుంటే 40 కిలోలు. అంతకన్నా బిగువైనవీ ఉన్నాయి. పొడవాటి గొట్టం దగ్గర పెట్టుకోండి. దాన్ని వదులు చేయడానికి స్టార్టర్ కొట్టే పాత చిట్కా మాత్రం వద్దు, చేతులు పోతాయి.

మూతలు తీశాక అసలు పని. క్రాంక్ మీది గుర్తు, క్యామ్ మీది గుర్తు మాన్యువల్ చూపినచోట ఉండేదాకా చేత్తో తిప్పి, ఫోన్‌తో ఫొటో తీసుకుని, పాత బెల్టు మీదా పుల్లీల మీదా పెయింట్ చుక్క పెట్టాలి. తర్వాత టెన్షనర్ వదులు చేసి బెల్టు తీయాలి. బెల్టు లేనప్పుడు క్రాంక్‌ను కానీ క్యామ్‌ను కానీ కదిలించకూడదు. సీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఆ సీలు ఇప్పుడే మార్చాలి. ఆయిల్ తాగిన బెల్టు గడువు దాకా బతకదు.

పన్ను తప్పడం అంటే ఎంత? క్రాంక్ పుల్లీకి 20 పళ్లు, క్యామ్ పుల్లీకి 40 పళ్లు ఉన్న ఇంజన్ తీసుకోండి. 360ని 40తో భాగిస్తే క్యామ్ మీద ఒక పన్ను 9 డిగ్రీలు. క్యామ్ ఒక చుట్టు తిరిగితే క్రాంక్ రెండు చుట్లు కాబట్టి అది క్రాంక్ దగ్గర 18 డిగ్రీలు. ఒక్క పన్ను తప్పితే బండి స్టార్ట్ అవుతుంది, కానీ ఎక్కుడులో లాగదు, మైలేజీ పడిపోతుంది, ఐడిలింగ్ వణుకుతుంది. కార్బురేటర్‌నో ఇంజెక్టర్‌నో అనుమానించి నెలల తరబడి డబ్బు పోసేవాళ్లు ఉంటారు. రెండు మూడు పళ్లు తప్పితే తెగిన బెల్టుకూ దీనికీ పెద్ద తేడా ఉండకపోవచ్చు.

అందుకే కొత్త బెల్టు వేసి టెన్షనర్ బిగించాక తాళం జోలికి పోవద్దు. పెట్రోలు బండికి ప్లగ్గులు తీసేసి, క్రాంక్ బోల్టుకు పానా వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిక్కులో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. అంటే 720 డిగ్రీలు. క్యామ్ అప్పుడే ఒక చుట్టు పూర్తిచేస్తుంది కాబట్టి ఒక్క చుట్టుతో సరిపెట్టుకోలేం. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయకుండా మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. తిప్పడం పూర్తయ్యేసరికి గుర్తులు రెండూ మొదట్లో ఉన్నచోటికే రావాలి. వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోవద్దు. టెన్షన్ ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది. రెండు వేళ్లతో బెల్టు 90 డిగ్రీలు తిరగాలనే పాత లెక్క అన్ని ఇంజన్లకూ వర్తించదు.

డీజిల్ బండ్ల విషయంలో నా తీర్పు వేరు. కొన్నింటిలో ఇంధన పంపు కూడా ఇదే బెల్టు మీద ఉంటుంది, గుర్తులు పెరుగుతాయి, తప్పుకు ధర పెరుగుతుంది. క్రాంక్‌నూ క్యామ్‌నూ కదలకుండా పట్టుకునే పిన్నులు కావాల్సిన ఇంజన్లూ ఉన్నాయి. అవి లేకుండా ఇంటి ముందు మొదలుపెట్టడం కన్నా కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో ఆ ఇంజన్ తెలిసిన షెడ్డుకు ఇవ్వడమే చవక. అడవి మధ్యలో ఆగిన బండిని క్రేన్‌తో లాగించే కిరాయి భద్రాచలం నుంచి కొత్తగూడెం దాకానే 40 కిలోమీటర్లకు అవుతుంది. చర్ల అవతలైతే ఫోన్ సిగ్నల్ దొరికాకే ఆ బేరం మొదలవుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో బెల్టు బండి కొంటుంటే బెల్టు మార్చిన బిల్లు చూపించమని అడగండి. అందులో తేదీ, కిలోమీటర్లు రెండూ ఉండాలి. బిల్లు లేదంటే ఆ బెల్టు ఎప్పటిదో తెలియదన్నట్టే, కిట్ ఖర్చును బేరంలోనే తగ్గించి అడగండి. కొన్నాక భద్రాచలం ప్రయాణం పెట్టుకోకముందే దాన్ని మార్పించి, తేదీనీ మీటరు అంకెనూ ఒక స్టిక్కరు మీద రాసి బానెట్ లోపల అతికించండి.