పూర్వ ప్రచాలక దశ

పూర్వ ప్రచాలక దశ స్విట్జర్లాండుకు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జీన్ పియాజే (1896-1980) ప్రతిపాదించిన సంజ్ఞానాత్మక వికాస సిద్ధాంతంలోని నాలుగు దశలలో రెండవది. ఇది సుమారు 2 నుండి 7 సంవత్సరాల వయసు వరకు ఉంటుంది. ఈ దశలో పిల్లలు భాషను వేగంగా నేర్చుకుంటారు. కర్రను గుర్రంగా భావించి ఆడుకుంటారు. ఎదుట లేని వస్తువులను మాటలతోను, బొమ్మలతోను సూచించగలుగుతారు.

పరిమితులు

ఈ వయసు పిల్లల ఆలోచనలో పియాజే గుర్తించిన ముఖ్యమైన లోపాలు:

• సర్వాత్మవాదం: ప్రాణం లేని వస్తువులకు ప్రాణం ఉన్నదనుకోవడం. ఉదాహరణకు, బొమ్మ క్రిందపడితే దానికి నొప్పి కలిగిందనుకుంటారు.
• అహంకేంద్రవాదం: తమకు కనబడినట్లే ఇతరులకూ కనబడుతుందనుకోవడం.
• పదిలపరచుకొనే భావనా లోపం: వెడల్పు గ్లాసులోని నీటిని సన్నని పొడవాటి గ్లాసులో పోస్తే నీరు పెరిగిందంటారు. ఎత్తును మాత్రమే చూసి వెడల్పును విస్మరించడం (ఏకమితి), నీటిని వెనుకకు పోస్తే మునుపటిలాగే ఉంటుందని ఊహించలేకపోవడం (అవిపర్యాత్మక భావనా లోపం) ఇందుకు కారణాలు.

విమర్శ

1970వ దశకంలో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్‌లు ఈ ప్రయోగాన్ని మార్చి చేశారు. పిల్లల ఎదుట సమాన సంఖ్యలో బిళ్ళలను రెండు వరుసలుగా పేర్చారు. పరిశోధకులే ఒక వరుసను జరిపి ప్రశ్నించినపుడు చాలామంది పిల్లలు బిళ్ళల సంఖ్య మారిందన్నారు. "అల్లరి ఎలుగుబంటి" బొమ్మ వచ్చి ఆ వరుసను చెదరగొట్టినట్లు చేసినపుడు మాత్రం ఎక్కువమంది సమానమేనని సరిగా చెప్పారు. పెద్దలు కావాలని మార్పు చేసి, అదే ప్రశ్నను మరల అడిగితే వేరే జవాబు కోరుతున్నారని పిల్లలు భావిస్తారని వీరి వివరణ. కాబట్టి పిల్లల తప్పు జవాబుకు ప్రశ్న అడిగిన తీరు కూడా కారణం కావచ్చును.