హామండ్ ముందు కూర్చున్న గొంతు

1966లో వచ్చిన ‘గిమ్మి సమ్ లవిన్’ పాటను మొదటిసారి విన్నవాళ్లు, అమెరికా చర్చిల్లోనూ క్లబ్బుల్లోనూ పాడిపాడి పండిన నల్లజాతి గాయకుడెవరో పాడుతున్నాడనుకుంటే తప్పు పట్టలేం. పాడింది మాత్రం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ తెల్ల కుర్రాడు. వయసు పద్దెనిమిది. పేరు స్టీవ్ విన్‌వుడ్.

1948 మే 12న పుట్టాడు. తండ్రి ఇనుము పోతపోసే కార్ఖానాలో పనిచేస్తూ, తీరిక వేళల్లో డాన్స్ బృందాల్లో శాక్సఫోన్ వాయించేవాడు. స్టీవ్ చర్చిలో బాలగాయకుడు. ఇంటికొస్తే రే చార్లెస్ రికార్డులు. అమెరికా నుంచి మడీ వాటర్స్, జాన్ లీ హుకర్ లాంటి బ్లూస్ దిగ్గజాలు వచ్చినప్పుడు వాళ్ల పక్కన వాయించేనాటికి అతనింకా బడిపిల్లాడే.

1963లో అన్న మఫ్‌తో కలిసి ఒక బ్యాండ్‌లో చేరాడు. పాడేది ఎక్కువగా స్టీవే అయినా, దానికి గిటారిస్టు పేరు పెట్టి ‘స్పెన్సర్ డేవిస్ గ్రూప్’ అన్నారు. పత్రికలవాళ్లతో మాట్లాడే ఓపిక స్పెన్సర్‌కి ఒక్కడికే ఉండటం అందుకు కారణమట! జమైకా రచయిత జాకీ ఎడ్వర్డ్స్ రాసిన ‘కీప్ ఆన్ రన్నింగ్’ 1966 జనవరిలో బీటిల్స్‌ని కిందికి దించి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఇలా వేరేవాళ్ల బోర్డు కింద తన గొంతు వినిపించడం స్టీవ్ జీవితంలో మళ్లీ మళ్లీ జరిగింది.

అతని చేతిలోని వాద్యం హామండ్ ఆర్గన్. దాని లోపల అంచులు ఎగుడుదిగుడుగా ఉన్న చిన్న లోహచక్రాలు అయస్కాంతాల పక్కన తిరుగుతూ విద్యుత్తు పుట్టిస్తాయి, అదే స్వరమవుతుంది. దానికి జోడైన లెస్లీ స్పీకర్‌లో ధ్వనిని వెదజల్లే గొట్టం కూడా గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి నాదం దగ్గరకొస్తూ దూరమవుతూ వణుకుతుంది. పియానోలో మోగిన స్వరం క్రమంగా ఆరిపోతుంది. ఆర్గన్‌లో, మన హార్మోనియంలోలాగే, వేలు తీసేదాకా నిలుస్తుంది. విన్‌వుడ్ గొంతు పైస్థాయికి ఎగబాకుతుంటే కింద ఆ నాదం పట్టు సడలకుండా ఉంటుంది. ఆ రెండింటినీ విడదీసి వినడం కష్టం.

మంచి ఊపులో ఉన్న బ్యాండ్‌ని 1967లో వదిలేశాడు. జిమ్ కపాల్డి, క్రిస్ వుడ్, డేవ్ మేసన్‌లతో ‘ట్రాఫిక్’ పెట్టి, ఆస్టన్ టిరోల్డ్ అనే పల్లెలో ఓ ఇంట్లో మకాం వేశారు. తొలి పాట ‘పేపర్ సన్’లో మేసన్ సితార్ వాయించాడు. బేస్ గిటారిస్టు లేని లోటును కచేరీల్లో స్టీవ్ ఆర్గన్ కింది పెడల్స్‌ని కాళ్లతో తొక్కి పూడ్చేవాడు. 1968లో జిమీ హెండ్రిక్స్ పదిహేను నిమిషాల ‘వూడూ చైల్’ రికార్డు చేసినప్పుడు ఆర్గన్ మీద ఉన్నదీ ఇతనే.

1969లో ఎరిక్ క్లాప్టన్, జింజర్ బేకర్‌లతో ‘బ్లైండ్ ఫెయిత్’ కట్టాడు. జూన్ 7న లండన్ హైడ్ పార్క్‌లో దాదాపు లక్షమంది ముందు తొలి కచేరీ. ఆల్బమ్ అట్లాంటిక్‌కి రెండువైపులా మొదటి స్థానం పట్టింది. అమెరికా పర్యటన ముగిసేసరికి బ్యాండ్ కూడా ముగిసింది!

మళ్లీ ట్రాఫిక్, 1974 దాకా. ఆ తర్వాత 1977లో తెచ్చిన సోలో ఆల్బమ్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాంతో పల్లెలోని ఇంటి స్టూడియోలో ఒక్కడే కూర్చుని, ప్రతి వాద్యమూ తానే వాయించి 1980లో ‘ఆర్క్ ఆఫ్ ఎ డైవర్’ తయారుచేశాడు. అందులో హిట్టయిన ‘వైల్ యూ సీ ఎ ఛాన్స్’కి మాటలు రాసిన విల్ జెన్నింగ్స్ మనకూ తెలిసినవాడే: టైటానిక్ సినిమా పాట అతని రచనే. ఈ జంట నుంచే, షకా ఖాన్ గొంతు తోడై, 1986లో ‘హయ్యర్ లవ్’ వచ్చింది. అమెరికాలో మొదటి స్థానం, ఆపైన ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ. ఆ కాలపు సింథసైజర్ మెరుపులు ఈనాటి చెవికి కాస్త పాతబడ్డాయి గానీ గొంతు పాతబడలేదు.

స్వీడన్ డీజే ఎరిక్ ప్రిడ్జ్‌కి అది ముందే తెలుసు కాబోలు. విన్‌వుడ్ 1982 నాటి ‘వాలెరీ’ని ఆధారం చేసుకుని అతను 2004లో ‘కాల్ ఆన్ మీ’ కట్టాడు. అది నచ్చి విన్‌వుడ్ ఆ వాక్యాల్ని మళ్లీ పాడి ఇచ్చాడు. సొంత పేరుతో బ్రిటన్‌లో ఏనాడూ దక్కని మొదటి స్థానం ఆ గొంతుకి ప్రిడ్జ్ పేరు మీద దక్కింది. 2023 మే 7న, డెబ్బై అయిదు నిండటానికి ఇంకా అయిదు రోజులుండగా, విండ్సర్‌లో ఛార్లెస్ రాజు పట్టాభిషేక కచేరీలో అతను ‘హయ్యర్ లవ్’ పాడాడు. కామన్వెల్త్ దేశాల గాయకులు ఎక్కడివాళ్లక్కడే ఉండి తెర మీదినుంచి గొంతు కలిపారు.