అడ్జస్ట్ అవ్వాల్సింది ఎవరు?

మా తాతగారి కాలంలో బెంగళూరు వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బళ్ళో ఇంగ్లీషు. ఈ మూడు చోట్లా చెల్లుబాటయ్యే మాట ఒకటుంది. సిటీ బస్సులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరకు నాలుగో మనిషి వచ్చి ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ అంటే చాలు, ముగ్గురూ తలా ఒక అంగుళం జరుగుతారు. చెన్నైలో అయినా ఈ మాటతోనే పని జరుగుతుంది. ఇక మన ఇళ్ళలో ఇది వినబడని రోజుంటుందా?

ముప్పై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. అయినా ఈ మాట గురించి నేను నిజంగా ఆలోచించింది కిందటేడే. పెళ్ళయి చెన్నై వెళ్ళిన మా అమ్మాయి ఒక రాత్రి ఫోన్ చేసింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఇంటిల్లిపాదికీ టిఫినూ వంటా చేసి, ఎనిమిదింటికి ఆఫీసుకు పరుగెత్తడం తన వల్ల కావడం లేదంది. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానంది. నేను అలవాటు కొద్దీ, “కొత్త కదా, కాస్త అడ్జస్ట్ అవ్వమ్మా” అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, “అమ్మా, నువ్వు ఇంగ్లీషు టీచరువి కదా. ఆ మాటకు ‘ఇంకొంచెం ఓర్చుకో’ అనేనా అర్థం?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

మర్నాడు నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. లాటిన్‌లో ‘జుక్స్టా’ అంటే దగ్గర, పక్కన అని అర్థం. దానికి ‘అడ్’ చేరి, దగ్గరకు చేర్చడం అనే అర్థంలో పుట్టిన క్రియ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దారిలో, న్యాయమైనది, సరియైనది అని అర్థమున్న ‘జస్ట్’తో దీనికి చుట్టరికం కలిపేశారు. అలా ‘సరిచేయడం’ అన్న అర్థం బలపడింది. రెండింటిని పక్కపక్కన పెట్టడానికి ఇంగ్లీషులో వాడే ‘జక్స్టపోజ్’ ఈ ఇంటి బిడ్డే. ఇంకో దాయాది ‘జౌస్ట్’. అంటే గుర్రాలెక్కిన ఇద్దరు వీరులు బల్లేలెత్తి ఒకరి మీదికొకరు దూసుకు రావడం. దగ్గరకు రావడమంటే సర్దుబాటూ కావచ్చు, పోట్లాటా కావచ్చునన్నమాట!

ఇంకా లోతుకు వెళితే, ‘జుక్స్టా’కు మూలంలో కలపడం అనే ధాతువుంది. సంస్కృతంలో ‘యుజ్’ అదే. యోగం, యుగళం దాని నుంచి వచ్చినవే. ఇంగ్లీషులో కాడిని ‘యోక్’ అన్నా, దాంపత్యానికి సంబంధించినదాన్ని ‘కాంజుగల్’ అన్నా ఆ వంశమే. కాడికి ఇటొక ఎద్దు, అటొక ఎద్దు ఉండాలి. బరువంతా ఒకదాని మెడ మీదే పడితే దుక్కి సాగదు.

వ్యాకరణం కూడా ఒక సంగతి చెప్పింది. కళ్ళజోడును అడ్జస్ట్ చేసుకుంటే కదిలేది జోడు, ముక్కు కాదు. చీకటికి కళ్ళు అడ్జస్ట్ అయ్యాయంటే మారింది కళ్ళు, చీకటి కాదు. క్రియ ఒకటే, మారేది ఎవరన్నది మాత్రం వాక్యాన్ని బట్టి ఉంటుంది.

మన తెలుగు ఇందులో ఏమీ తక్కువ తినలేదు. బీరువా సర్దుతాం. చేతిలో డబ్బు లేకపోతే పక్కింటివారిని ‘ఓ వెయ్యి సర్దండి’ అంటాం. తగవు పడ్డవారికి సర్దిచెబుతాం. ఇరుకులో సర్దుకుని కూర్చుంటాం. చివరకు సర్దుకుపోతాం. ‘సర్దు’కు ‘కొను’ చేరితే పని మన మీదికి తిరుగుతుంది. ‘పోవు’ కూడా చేరితే ఇక నోరెత్తడమే ఉండదు. మా అమ్మాయికి నేను చెప్పింది ఆ చివరి మాట. ఇల్లు సర్దినట్టే ఇంటిపనినీ సర్దవచ్చని నాకు తట్టనే లేదు.

ఆ ఆదివారం జంకుతూనే వియ్యపురాలికి ఫోన్ చేశాను. “వదినగారూ, పిల్ల ఉద్యోగం మానేస్తానంటోంది. ఏం చేద్దామంటారు?” అన్నాను. ఆవిడ నొచ్చుకున్న మాట నిజం. “నాతో ఒక్క మాటైనా అనలేదే!” అన్నారు. కాసేపాగి, “నేనూ కాపురానికి వచ్చిన కొత్తలో అలాగే లేచేదాన్ని వదినగారూ. నన్నెవరూ అడగలేదు, నేనూ దాన్ని అడగలేదు” అన్నారు.

ఇప్పుడు ఆ ఇంట్లో పొద్దున టిఫిను ఆవిడది, వంట అమ్మాయిది. రాత్రే కూరలు తరిగిపెట్టడం తండ్రీకొడుకుల వంతు. అల్లుడుగారు బెండకాయ ముక్కలు ఇప్పటికీ పెద్దవిగానే తరుగుతారట. అమ్మాయి ఉద్యోగం మానలేదు.

మీ ఇంట్లో ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారో ఒకసారి గమనించండి. మా బెంగళూరు బస్సులో సీటంతా జరుగుతుందే తప్ప, ఒక్కరినే లేచి నిలబడమని ఎవరూ అనరు.