కాలికి తగిన కొలతే స్కేట్‌బోర్డుకు ప్రాణం
వెడల్పు చూశాకే రంగులు, బొమ్మలు

టోక్యో ఒలింపిక్స్‌తో స్కేట్‌బోర్డింగ్‌కు విశ్వక్రీడల్లో తొలిసారి చోటు దక్కింది. 2021లో జరిగిన ఆ పోటీల్లో జపాన్‌కు చెందిన పదమూడేళ్ల మోమిజి నిషియా మహిళల స్ట్రీట్ విభాగంలో స్వర్ణ పతకం సాధించింది. ఇంత చిన్న వయసులో రాణించగల క్రీడ కావడంతో బోర్డు కొనివ్వమని పిల్లలు మారాం చేయడం సహజమే. అయితే అడుగున ఉన్న బొమ్మలు చూసి కొన్న బోర్డు కాలికి కుదరకపోతే ఆట అబ్బకపోగా, దెబ్బలు తగిలే ప్రమాదం ఉంది.

వెడల్పే కీలకం

ఆటగాడు నిలబడే చెక్కను డెక్ అంటారు. సాధారణంగా ఏడు పలుచని మేపుల్ కలప పొరలను జిగురుతో అతికించి, అచ్చులో ఒత్తి దీనిని రూపొందిస్తారు. పెద్దల డెక్‌లలో అధికభాగం 31 నుంచి 32 అంగుళాల పొడవు ఉంటాయి. అందువల్ల ఎంపికలో పొడవు కన్నా వెడల్పునకే ప్రాధాన్యం.

* చిన్నపిల్లలకు సుమారు 7 నుంచి 7.5 అంగుళాలు
* పాదం ఎదిగిన పిల్లలకు 7.5 నుంచి 8 అంగుళాలు
* పెద్దలకు 8 అంగుళాలు, ఆపైన

డెక్ మరీ ఇరుకైతే పాదం అంచులు దాటి నిలకడ తప్పుతుంది. మరీ వెడల్పైతే బరువు పెరిగి, మలుపు తిప్పడం కష్టమవుతుంది. ఎదిగే పిల్లలు కదా అని దుస్తుల మాదిరిగా ఒక సైజు పెద్దది కొనడం ఇక్కడ పనికిరాదు.

ఆకారాన్ని బట్టి ఆట

రెండు కొసలూ గుండ్రంగా, ఐస్‌ఫ్రూట్ పుల్లను పోలి ఉండే పాప్సికిల్ డెక్ విన్యాసాలకు అనువైనది. దీని రెండు కొసలూ పైకి వంగి ఉంటాయి. మెట్లు, రెయిలింగులపై విన్యాసాలు చేసేవారు సన్నని డెక్‌ను, గిన్నె వంటి లోతైన కట్టడాల్లో ఆడేవారు 8.25 అంగుళాలకు మించినదాన్ని ఎంచుకోవడం పరిపాటి. కేవలం ప్రయాణానికైతే మెత్తని చక్రాల క్రూజర్ లేదా పొడవాటి లాంగ్‌బోర్డు మేలు.

ఇరుసు, చక్రాలు

డెక్ కింద బిగించే లోహపు ఇరుసును ట్రక్ అంటారు. దాని వెడల్పునకు, డెక్ వెడల్పునకు మధ్య తేడా పావు అంగుళానికి మించరాదు. నున్నని నేలపై విన్యాసాలకు 50 నుంచి 54 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు చాలు. గరుకు రోడ్లపై చిన్న గులకరాయి తగిలినా అవి ఆగిపోయి, ఆటగాడు ముందుకు పడతాడు. అక్కడ 60 మిల్లీమీటర్ల మెత్తని చక్రాలు శ్రేయస్కరం.

పరీక్షించాకే కొనుగోలు

దుకాణంలో బోర్డును నేలపై ఉంచి, ఆట బూట్లతోనే దానిపై నిలబడి చూడాలి. పాదం డెక్‌పై నిండుగా ఆనాలి. చెక్క వంకరగా ఉన్నా, పొరలు విడినా తీసుకోరాదు. డెక్ అరిగిపోయినా ఇరుసులు, చక్రాలు బాగుంటే వాటిని కొత్త చెక్కకు బిగించుకోవచ్చు. హెల్మెట్, మోకాలు, మోచేతి రక్షణ కవచాల ఖర్చును కూడా బోర్డు ధరతో కలిపి లెక్కించుకోవాలి. అవి లేకుండా పిల్లలను బోర్డు ఎక్కనివ్వరాదు.