హ్యాండిల్ నడిమధ్యలో ‘టక్’మని ఆగుతోందా?

మీ సైకిల్ దగ్గరికెళ్లి ఒక చిన్న పని చేయండి. ఫ్రేము పట్టుకుని ముందు చక్రాన్ని నేల మీంచి జానెడు పైకెత్తండి. రెండో చేత్తో, ఒకే ఒక్క వేలితో, హ్యాండిల్‌ని ఎడమకీ కుడికీ నెమ్మదిగా తిప్పండి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నున్నగా జారిపోతే ఏ సమస్యా లేదు. అలా కాకుండా చక్రం సరిగ్గా నేరుగా ఉన్నచోటికి వచ్చేసరికి, ఫ్యాన్ రెగ్యులేటర్ అంకె మీద ఆగినట్టు ‘టక్’మని ఆగి, కాస్త తోస్తేగానీ కదలడం లేదంటే మీ హెడ్‌సెట్ అరిగిపోయిందని అర్థం.

చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్ కాదు లెండి. ముందు ఫోర్కు నుంచి ఒక గొట్టం పైకి వచ్చి, ఫ్రేము ముందుండే పొట్టి గొట్టంలోంచి దూరి హ్యాండిల్‌ని కలుస్తుంది. గొట్టంలో గొట్టం తిరగాలంటే మధ్యలో బేరింగులు కావాలి కదా. పైన ఒకటి, కింద ఒకటి. ఆ జోడీనే హెడ్‌సెట్. మామూలు సైకిళ్లలో గిన్నెల్లాంటి కప్పులు, వాటి మధ్య ఉక్కు గోళీలు ఉంటాయి. ఎక్కువగా వాడే సైజు 5/32 అంగుళం, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు. ఖరీదు సైకిళ్లలో గోళీలన్నిటినీ రబ్బరు సీళ్ల మధ్య మూసేసిన రింగు ఒకటి వస్తుంది. దాన్ని కార్ట్రిడ్జ్ బేరింగ్ అంటారు.

మా ఆఫీసులో ఒకమ్మాయి కిందటేడాది సెకండ్‌హ్యాండ్ రోడ్ బైక్ కొంది. రెండు వారాలు తిరక్కుండానే అమ్మేస్తానంది. నెమ్మదిగా వెళ్తుంటే సైకిల్ మాట వినడం లేదట, పాములా వంకర్లు పోతోందట. ఒకసారి సిగ్నల్ దగ్గర ఆటో పక్కకే ఒరిగిపోయిందట. “చిన్నప్పుడు నేర్చుకోలేదుగా, నాకిక బ్యాలెన్స్ రాదు” అని తనకు తనే తీర్మానం చేసేసుకుంది. కింద పార్కింగ్‌లో చక్రం ఎత్తి వేలితో తిప్పి చూశా. టక్.

సైకిల్ మీద మనం నిటారుగా ఉంటున్నామంటే అందుకు కారణం హ్యాండిల్ కదలకుండా పట్టుకోవడం కాదు, కదుపుతూ ఉండటం. ఎటు ఒరిగితే అటు కొద్దిగా తిప్పుతాం. మళ్లీ ఇటు. డిగ్రీ, రెండు డిగ్రీలు, అంతే. మనకు తెలియకుండానే చేతులు ఆ పని చేసేస్తుంటాయి. సరిగ్గా ఆ ఒకటి రెండు డిగ్రీల దగ్గరే హ్యాండిల్ ఇరుక్కుంటే? ముందు కదలదు, బలం పెడితే కావాల్సిన దానికన్నా ఎక్కువ కదులుతుంది, మళ్లీ సరిదిద్దుకోవాలి. తప్పు చేతుల్ది కాదన్నమాట. ఇలా ఎంతమంది ‘మనకు సైకిల్ పడదు’ అనుకుని వదిలేశారో!

షాపులో రెండు మాటలు చెప్పారు. గుంతల్లో గట్టిగా దిగితే గోళీలు సుత్తిలా కొట్టుకుని సొట్టలు పడ్డాయన్నది మొదటిది. సిరామిక్ బేరింగ్ వేయించుకుంటే జీవితాంతం పోదన్నది రెండోది. రెండో మాట ఖరీదు కొన్ని వేలు. నాకు రెండిటి మీదా అనుమానమే.

మొదటిదే చూద్దాం. స్వీడన్ ఇంజినీర్ యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1900లో ఒక పరీక్షను లోకానికి చూపించాడు. గట్టి ఉక్కు గోళీని లోహం మీద బలంగా నొక్కి, పడ్డ సొట్టని కొలిచి, ఆ లోహం ఎంత గట్టిదో చెప్పడం. అందుకే బేరింగుల్లో గోళీ నొక్కుడుకి పడే సొట్టల్ని బ్రినెలింగ్ అంటారు. హెడ్‌సెట్లో సొట్టలు కూడా చూడ్డానికి అచ్చం అలాగే గోళీకొకటి చొప్పున వరసగా కనిపిస్తాయి. కాబట్టి ‘సుత్తి దెబ్బ’ కథ నమ్మడం తేలిక.

కానీ అదే గుంత దెబ్బ ముందు చక్రం హబ్బుకి ఇంకా దగ్గర్లో తగులుతుంది. పైగా హబ్బులో ఏ క్షణంలోనైనా బరువు మోసేది అడుగున ఉన్న కొద్ది గోళీలే. హెడ్‌సెట్ కింది బేరింగ్‌లో పైనుంచి వచ్చే బరువుని చుట్టూ ఉన్న గోళీలన్నీ పంచుకుంటాయి. దెబ్బకే సొట్టలు పడేటట్టయితే ముందు హబ్బు పోవాలి. అది మాత్రం ఏళ్ల తరబడి నిక్షేపంగా తిరుగుతూ ఉంటుంది!

కాలిఫోర్నియా ఇంజినీర్, ‘ది బైసికిల్ వీల్’ పుస్తకం రాసిన జోబ్స్ట్ బ్రాంట్ ఈ విషయం మీద చాలాకాలం వాదించాడు. ఆయన చెప్పిందేమిటంటే, ఇది దెబ్బ కాదు, గ్రీజు లేని చోట జరిగే సూక్ష్మమైన రాపిడి. రోడ్డు అదురుకి ఫోర్కు గొట్టం ముందుకీ వెనక్కీ అతి కొద్దిగా వంగుతూ ఉంటుంది. దాంతోపాటు బేరింగ్ కూడా గోళీల మీద అటూ ఇటూ ఊగుతుంది. హ్యాండిల్ నేరుగా ఉన్నంతసేపూ ఆ ఊగుడంతా ఒకే చోట.

లెక్క కట్టి చూస్తే నాకు విషయం ఇంకా బాగా అర్థమైంది. 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే చక్రం నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది. హబ్బులో ప్రతి గోళీ గాడి అంతా తిరిగొస్తూ కొత్త గ్రీజుని తనతో లాక్కొస్తుంది. అదే సమయంలో హెడ్‌సెట్ తిరిగేది 2 డిగ్రీలు. బేరింగ్ తిరిగిన కోణంలో గోళీ కదిలేది దాదాపు సగం, అంటే 1 డిగ్రీ. గోళీల వలయం అడ్డం 36 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ ఒక్క డిగ్రీ 0.3 మిల్లీమీటరు. గోళీ తను కూర్చున్న చోటు నుంచి లేవనే లేదన్నమాట! దాని కింద గ్రీజు పక్కకి నలిగిపోతుంది, కొత్తది రాదు. మా భాషలో చెప్పాలంటే లోడ్ బ్యాలెన్సర్ చెడిపోయి ట్రాఫిక్ మొత్తం ఒకే సర్వర్ మీద పడటం.

గ్రీజు లేనిచోట ఉక్కుకి ఉక్కు నేరుగా తగులుతుంది. కంటికి కనిపించని మెరకలు ఒకదానికొకటి అతుక్కుని, మరుక్షణం ఊడుతూ ఉంటాయి. ఊడిన రజను గాలి తగిలి తుప్పుపొడిగా మారుతుంది. ఆ పొడి గట్టిది. ఇసుక కాగితంలా ఇంకా గీరుతుంది. బేరింగ్ విప్పినప్పుడు ఇటుకరంగు పొడి కనిపిస్తే అది బయటి నీళ్ల వల్ల వచ్చిన తుప్పే అయ్యుండాలని లేదు, ఇదీ అయ్యుండొచ్చు.

ఇంజినీర్లు దీన్ని ఫాల్స్ బ్రినెలింగ్ అంటారు. 1930లలో అమెరికాలో కొత్త కార్లని రైళ్ల మీద దూరప్రాంతాలకు పంపితే, కారు రోడ్డెక్కక ముందే చక్రాల బేరింగుల్లో సొట్టలు కనిపించాయి. చక్రాలు తిరగలేదు. రైలు అదురుకి ఉన్నచోటే కదిలాయి, అంతే. గాలిమరల్లో రెక్కల కోణాన్ని సర్దే బేరింగులకి ఇవాళ్టికీ ఇదే బెడద.

అసలు సొట్టో, అరుగుడు సొట్టో ఫోన్‌తోనే కనిపెట్టొచ్చు. బేరింగ్ విప్పి, శుభ్రంగా తుడిచి, కెమెరాని మ్యాక్రోలో పెట్టి గాడిని ఫొటో తీయండి. నిజంగా దెబ్బకి నొక్కుకుపోయి ఉంటే, ఫ్యాక్టరీలో సానబట్టినప్పటి సన్నటి గీతలు సొట్ట అడుగున కూడా అలాగే ఉంటాయి. అరిగిన సొట్టలో ఆ గీతలు ఉండవు, చెరిగిపోతాయి. మా కొలీగ్ సైకిల్ కింది బేరింగ్‌లో ఒక్క గీత కూడా మిగల్లేదు.

ఇప్పుడు షాపువాళ్ల రెండో మాట. బేరింగుల్లో ఎక్కువగా వాడేది క్రోమ్ స్టీలు. 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం. చాలా గట్టిది, చవక, కానీ నీళ్లు తగిలితే తుప్పు పడుతుంది. దాని పైమెట్టు 440సి స్టెయిన్‌లెస్. ఇందులో క్రోమియం 17 శాతం దాకా ఉంటుంది. అయినా మన వంటింటి స్టీలు గిన్నెలంత మొండిది కాదు. గట్టిదనం కోసం ఎక్కువ కార్బన్ కలుపుతారు, ఆ కార్బన్ కొంత క్రోమియాన్ని తనలో కట్టేసుకుంటుంది. ఉప్పు తగిలితే దీనికీ చుక్కలు చుక్కలుగా తుప్పు వస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో తొక్కేవాళ్లకి స్టెయిన్‌లెస్ లాభమేగానీ, దాని మీదే భరోసా పెట్టుకోకూడదు.

సిరామిక్ అంటే సిలికాన్ నైట్రైడ్ గోళీలు. ఉక్కు బరువులో సగం కూడా ఉండవు, తుప్పు పట్టవు, ఉక్కుకి అతుక్కోవు. కాబట్టి నేను చెప్పిన రాపిడి కొంత తగ్గుతుందన్నది నిజమే. కానీ సాధారణంగా దొరికే సిరామిక్ బేరింగుల్లో గోళీలే సిరామిక్, అవి కూర్చునే గాడి ఉక్కుదే. ఆ గాడికి తుప్పు మామూలే. పైగా సిరామిక్ గోళీ ఉక్కు గోళీలాగా కొద్దిగానైనా అణగదు కాబట్టి, గాడిని తాకే చోటు చిన్నదై అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. తేలిగ్గా ఉండటం వల్ల లాభం వేలాది చుట్లు తిరిగే యంత్రాల్లో. 2 డిగ్రీలు తిరిగేదానికి వేలు పోయడం దేనికి? ఆ డబ్బుతో మామూలు ఉక్కు బేరింగులు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

అసలు తేడా పడేది సీలు, గ్రీజు, బిగింపు దగ్గర. ముందు చక్రం చిమ్మే వాన నీళ్లు నేరుగా కింది బేరింగ్‌కే తగులుతాయి. చవక మడ్‌గార్డు ఒకటి వేస్తే సిరామిక్ చేయలేని పని అది చేస్తుంది. బైకులకి వాటర్ సర్వీసింగ్ చేసే చోట సైకిల్ని కూడా ప్రెషర్ పంపుతో కడిగించేవాళ్లున్నారు. ఆ ధార సీలుని దాటి లోపలికి పోతుంది. ఇంట్లో ట్రైనర్ మీద తొక్కేవాళ్లకి పై బేరింగ్ ముందు పోతుంది, కారణం చెమట. హ్యాండిల్ మీద ఒక తువ్వాలు వేయండి. మరీ ముఖ్యంగా, బ్రేకు గొట్టాలు హెడ్‌సెట్ లోంచి వెళ్లే కొత్త మోడళ్లలో. వాటిలో పై బేరింగ్ మార్చాలంటే చాలాసార్లు ఆ గొట్టాలన్నీ విప్పాలి. బేరింగ్ ధర కన్నా కూలి ఎక్కువ.

బిగింపు పరీక్ష ఇలా. ముందు బ్రేకు నొక్కిపట్టి, కింది బేరింగ్ సందు మీద వేలు పెట్టి, సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపండి. వేలికి ‘టకటక’ తగిలితే వదులు. సరిచేయడానికి ముందు హ్యాండిల్ స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయాలి. తర్వాత పైమూత బోల్టుని టకటక పోయేదాకా కొద్దికొద్దిగా తిప్పి, చక్రాన్ని నేరుగా సరిచూసి, మళ్లీ పక్క బోల్టులు బిగించాలి. ఎంత బలంతో అన్నది చాలా స్టెమ్‌ల మీద న్యూటన్ మీటర్లలో రాసే ఉంటుంది. పైమూత బోల్టు బేరింగ్‌ని సర్దడానికే, హ్యాండిల్‌ని పట్టి ఉంచడానికి కాదు. మరీ బిగిస్తే చక్రం ఎత్తినప్పుడు హ్యాండిల్ బిర్రుగా తిరుగుతుంది, గాడీ తొందరగా పాడవుతుంది. వదులుగా వదిలేసి అనంతగిరి కొండ దిగితే హ్యాండిల్ చేతుల్లో వణుకుతుంది. అది ఇంకా ప్రమాదం.

విడి గోళీలుండే పాత సైకిళ్లకి ఒక చిట్కా ఉంది. పంజరంలాంటి రింగులో గుచ్చిన గోళీలుంటే ఆ రింగు తీసేసి, దాని బదులు విడి గోళీలు వేయాలి. గాడిలో ఒకటి రెండు ఎక్కువే పడతాయి. నిండా కుక్కకుండా ఒక గోళీ మేర ఖాళీ వదిలి, దండిగా గ్రీజు పెట్టి మూసేస్తే సరి. గోళీల మధ్య దూరం మారింది కాబట్టి అన్నీ ఒకేసారి పాత సొట్టల్లో పడవు, ‘టక్’ మాయమవుతుంది. శాశ్వతం కాదుగానీ, కొత్త కప్పులు దొరికేదాకా నడుస్తుంది.

కార్ట్రిడ్జ్ అయితే మార్చేయడమే. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు పాతదాన్ని తీసి, తుడిచి, అంచు మీద చెక్కిన అంకెల్ని ఫొటో తీసుకోండి. వెడల్పుతో పాటు 36, 45 అని వాలు కోణాలు కూడా అక్కడే ఉంటాయి. పై బేరింగుల్లో 41 మిల్లీమీటర్లది, 41.8 మిల్లీమీటర్లది పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. కానీ ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు.