ఇంటర్వ్యూ వేళ కలవరం

ఉద్యోగాన్వేషణలో ఉన్న యువతకు ఇంటర్వ్యూ గది ముంగిట గుండెదడ కలగడం, నోరు ఎండిపోవడం సహజం. ఇది అసమర్థతకు గుర్తు కాదు. ఆపదను శంకించిన శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేయడమే దీనికి ముఖ్య కారణం. గాలిని పీల్చినదానికంటే నెమ్మదిగా విడుస్తూ కొన్ని నిమిషాలు కూర్చుంటే దడ తగ్గుతుంది.

275 మార్కుల సివిల్ సర్వీసెస్ ఇంటర్వ్యూను సైతం యూపీఎస్సీ నిలదీసే విచారణగా కాక, అభ్యర్థి గుణగణాలను తెలుసుకునే సహజ సంభాషణగానే పేర్కొన్నది. కనుక తెలియని విషయాన్ని తెలియదని వినయంగా ఒప్పుకోవడం దోషం కాదు.

'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు సమాధానాన్ని ముందుగానే ఇంట్లో పెద్దల ఎదుట పలుమార్లు చెప్పి చూసుకోవాలి. కంఠస్థం మాత్రం చేయరాదు. ఒక్క మాట మరిస్తే మిగిలినది తడబడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి: బయలుదేరే వేళ 'ఈసారైనా వస్తుందా?' అని అడగకండి. తిరిగి వచ్చిన పిదప ముందు భోజనం పెట్టండి. ఫలితం తరువాత అడగవచ్చు.